కువైట్‌లో అమ్మ, రాజోలు దగ్గర పిల్లలు: ఫోన్ తాళం ఎవరి చేతిలో ఉండాలి?

చెల్లెమ్మ అడిగింది క్లుప్తంగా ఇదీ. తను కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. రాజోలు దగ్గర పల్లెటూళ్ళో ఏడో తరగతి బాబు (12 ఏళ్ళు), మూడో తరగతి పాప అమ్మమ్మ దగ్గర ఉంటున్నారు. ఇంట్లో వైఫై ఉంది. అమ్మమ్మకో స్మార్ట్‌ఫోన్ ఉంది, పొద్దస్తమానం అది పిల్లల చేతుల్లోనే ఉంటోంది. తమ్ముడు అదే ఊళ్ళో ఉంటాడు. "నేను ఇక్కడి నుంచే చూసుకునేలా, పిల్లలు చెడ్డవి చూడకుండా ఉండేలా ఏ యాప్ వేయాలి?" అని ప్రశ్న.

సూటిగా చెప్పేస్తానమ్మా. యాప్ పేరు ఫ్యామిలీ లింక్, గూగుల్‌ది, డబ్బులు కట్టక్కర్లేదు. కానీ దాన్ని కువైట్ నుంచి మీరు నడపకండి, మీ తమ్ముడి ఫోన్‌లో పెట్టించండి. అమ్మమ్మ ఫోన్ పిల్లలకి ఇవ్వడం మానిపించండి. ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఏదైనా ఉంటే, దాన్ని రీసెట్ చేసి, సిమ్ లేకుండా బాబుకి ఇవ్వండి. పాపకి అసలు ఫోనే వద్దు.

నేను పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్ళకి కేబుల్, ఫైబర్ నెట్ కనెక్షన్లు ఇచ్చే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. చించినాడ వంతెన దాటి దిండి, రాజోలు వైపు కూడా వెళ్తుంటాను. కొబ్బరి మట్ట పడి తెగిన వైరు అతికించడానికి వెళ్ళినా సరే, పని అయ్యాక కాఫీ ఇచ్చి అడిగే మాట ఒకటే: "బాబూ, మా వాడి ఫోన్‌కి ఏదైనా లాక్ పెట్టగలవా?" అందులో సగం ఇళ్ళల్లో అమ్మో నాన్నో గల్ఫ్‌లోనే ఉంటారు. కాబట్టి మీలాంటి ఇళ్ళు నాకు కొత్త కాదు.

మీరే ఎందుకు నడపకూడదో చెబుతాను, ఎందుకంటే మీకు నచ్చని మాట అదేనని తెలుసు.

మొదటిది గూగుల్ నియమం. ఈ యాప్‌లో పెద్దవాళ్ళనీ పిల్లల్నీ కలిపేది ఫ్యామిలీ గ్రూపు. అందులో చేరేవాళ్ళంతా ఆ గ్రూపు మేనేజర్, అంటే దాన్ని తెరిచిన మనిషి, ఉన్న దేశంలోనే ఉండాలి. కువైట్‌లో కూర్చుని ఇండియాలో ఉన్న పిల్లల్ని కలుపుదామని కుస్తీ పట్టి, విసుగొచ్చి వదిలేసిన వాళ్ళని నేను చూశాను. తమ్ముడు మేనేజర్ అయితే ఈ గొడవే లేదు.

రెండోది టైము. ఇక్కడ రాత్రి 9 గంటలంటే మీకు సాయంత్రం 6:30. మేడమ్ గారింట్లో మీకు ఊపిరాడని వేళ అది. సరిగ్గా అప్పుడే బాబు కొత్త యాప్‌కి పర్మిషన్ అడుగుతాడు, "అర్జెంటమ్మా, స్కూల్ ప్రాజెక్ట్" అంటాడు. మీరు చూడకుండా ఓకే నొక్కేస్తారు. లేదంటే అసలు నోటిఫికేషనే చూడరు, వాడు అమ్మమ్మ దగ్గర ఏడుస్తాడు, అమ్మమ్మ తన ఫోన్ ఇచ్చేస్తుంది. రెండింట్లో ఏది జరిగినా తాళం ఊడినట్టే.

మూడోది అన్నిటికన్నా పెద్దది. మీరు పిల్లలతో మాట్లాడేది రోజుకి అరగంటో గంటో. ఆ కాస్తా "ఎందుకు చూశావ్, ఎంతసేపు చూశావ్, నీకు టైమ్ కట్ చేస్తా" అంటూ గడిచిపోతే, కొన్నాళ్ళకి వాడు మీ ఫోన్ ఎత్తడానికే జంకుతాడు. రేపు ఎవడైనా వాడిని ఆన్‌లైన్‌లో బెదిరిస్తే చెప్పుకోవాల్సింది మీతోనే కదా. అందుకే "వద్దు" అనే పని మేనమామకి వదిలేయండి. మన వైపు మేనమామ మాటకి ఆ మాత్రం బరువు ఇంకా ఉంది. మీరు మాత్రం వాడికి అమ్మగానే ఉండండి.

ఇక అమ్మమ్మ ఫోన్ సంగతి

ఈ యాప్‌లన్నీ ఒక పిల్లాడికి ఒక ఫోన్ ఉంటుందనే లెక్కతో తయారైనవి. మన ఇళ్ళల్లో అలా ఉండదు. ఒకే ఫోన్‌లో అమ్మమ్మ భక్తి పాటలు, మనవడి గేమ్‌లు, స్కూల్ వాట్సాప్ గ్రూపు, బ్యాంకు మెసేజ్‌లు అన్నీ ఉంటాయి. మీరు పంపే డబ్బు పడే ఖాతా కూడా బహుశా ఆ నంబర్‌కే ముడిపడి ఉంటుంది. ఆ ఫోన్‌లో ఉన్నది పెద్దవాళ్ళ గూగుల్ అకౌంట్. అంటే గూగుల్ లెక్కలో ఆ ఫోన్ చూస్తున్నది అరవై ఏళ్ళ మనిషి. పిల్లలకి చూపించకూడనివి దాచాలని దానికి ఎలా తెలుస్తుంది?

పైగా ఓటీపీలన్నీ ఆ ఫోన్‌కే వస్తాయి. బీజీఎంఐ గేమ్‌లో 18 ఏళ్ళలోపు పిల్లలు ఆడాలంటే తల్లిదండ్రుల నంబర్‌కి ఓటీపీ వెళ్తుంది. మంచి ఏర్పాటే. కానీ పిల్లాడు అమ్మమ్మ నంబర్ కొడతాడు, ఓటీపీ వాడి చేతిలోని ఫోన్‌కే వస్తుంది, అమ్మమ్మ తరఫున వాడే ఒప్పేసుకుంటాడు.

భీమవరం వైపు ఒక రొయ్యల చెరువుల రైతు ఇంట్లో ఇదే జరిగింది. నాన్న రాత్రిళ్ళు చెరువు గట్టున ఏరియేటర్లు చూసుకుంటూ షెడ్డులో పడుకుంటాడు. యూపీఐ ఉన్న రెండో ఫోన్ ఇంట్లో ఉంటుంది. పిన్ నాన్న పుట్టిన సంవత్సరమే, అబ్బాయికి తెలియకుండా ఎలా ఉంటుంది? గేమ్‌లో డైమండ్ల కోసం వంద, రెండొందలు చొప్పున పోతూనే ఉన్నాయి. మేత ఖాతాలు, ఐసు, డీజిల్ మధ్యలో ఆ చిన్న అంకెలు ఎవరి కంటా పడలేదు. నన్ను పిలిచింది డబ్బు గురించి కాదు, నెట్ స్లోగా ఉందని. రౌటర్‌లో చూస్తే వాడకమంతా రాత్రి పదకొండు నుంచి రెండు మధ్యలోనే ఉంది. (అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: ఎంత డేటా వాడారో మాకు తెలుస్తుంది గానీ, ఏ వీడియో చూశారో తెలియదు.) "రెండింటికి మీ ఇంట్లో మేలుకుని ఉండేది ఎవరండీ?" అని అడిగితే, అప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ తీశారు.

అందుకని తమ్ముడు అమ్మమ్మ ఫోన్‌లో ఈ పనులు చేయాలి. స్క్రీన్ లాక్ ప్యాటర్న్ తీసేసి పిన్‌గానీ, వేలిముద్రగానీ పెట్టాలి. ప్యాటర్న్‌ని పిల్లలు అద్దం మీద వేలి జిడ్డు గీత చూసే పట్టేస్తారు. యూపీఐ పిన్ మార్చాలి, అది ఎవరి పుట్టినరోజూ కాకూడదు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ ధృవీకరణ అడిగేలా పెట్టాలి. స్కూల్ గ్రూపులో హోంవర్క్ చూడాలంటే అమ్మమ్మ పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకుంటే సరి. మొదటి వారం గోల చేస్తారు, ఆ తర్వాత అలవాటైపోతుంది.

బాబు ఫోన్ సిద్ధం చేయడం

పాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. దానికి ముందు అందులోని పాత గూగుల్ అకౌంట్ తీసేయండి, లేకపోతే రీసెట్ అయ్యాక అదే అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. తమ్ముడు తన ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ వేసుకుని, బాబు పేరుతో పిల్లల అకౌంట్ తెరవాలి. పుట్టినతేదీ నిజమైనదే వేయండి. మన దగ్గర జీమెయిల్ తొందరగా అయిపోవాలని ఏ సెల్ పాయింట్‌లోనో 1990 అని కొట్టేస్తారు. ఆ ఒక్క అంకెతో పిల్లల కోసం ఉన్న రక్షణలన్నీ ఎగిరిపోతాయి. ఆ అకౌంట్ ఒక్కటే ఆ ఫోన్‌లో ఉండాలి. పక్కన ఇంకో పెద్దవాళ్ళ అకౌంట్ కలిపితే, ప్లే స్టోర్‌లో దానికి మారి యాప్‌లు దించుకోగలడు.

తర్వాత సెట్టింగులు. కొత్త యాప్ ఏదైనా మావయ్య ఒప్పుకుంటేనే దిగాలి. ప్లే స్టోర్ బయట నుంచి వచ్చే ఫైళ్ళు, అంటే ఏపీకేలు, ఇన్‌స్టాల్ కాకుండా ఆపేయాలి. రంగు చెప్పి డబ్బు గెలుచుకో అనే యాప్‌లు ఎక్కువగా టెలిగ్రామ్‌లో లింకుల రూపంలోనే వస్తాయి. ఆంధ్రలో 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయినా లింకులు ఆగలేదు. సంక్రాంతి బరుల దగ్గర పందేలు చూస్తూ పెరిగే పిల్లలకి పదికి ఇరవై అంటే తప్పుగా కూడా అనిపించదు. వాడితో ఈ మాట మావయ్యే మాట్లాడాలి. బరికి వెళ్ళే మావయ్య అయితే మరీ మంచిది, నష్టం లెక్కలు ఆయనకే బాగా తెలుసు.

టైమ్ ఎంత పెట్టాలని అడుగుతారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో ఇచ్చిన సూచనల్లో రెండేళ్ళలోపు వాళ్ళకి స్క్రీన్ వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి గంట దాటకూడదని, ఐదు నుంచి పదేళ్ళ వాళ్ళకి రెండు గంటల లోపు ఉండాలని ఉంది. మీ బాబుకి స్కూల్ రోజుల్లో గంట, ఆదివారం రెండు గంటలు పెట్టి చూడండి. దానికంటే ముఖ్యం రాత్రి. తొమ్మిదిన్నరకి ఫోన్ దానంతట అదే లాక్ అయ్యేలా డౌన్‌టైమ్ పెట్టండి. ఛార్జింగ్ హాల్లోనే పెట్టాలి, మంచం పక్కన కాదు.

ఒక జాగ్రత్త. మీరు వీడియో కాల్ చేసే యాప్‌ని టైమ్ లిమిట్ లెక్కలోకి రాకుండా, ఎప్పుడూ అనుమతి ఉన్న వాటిలో పెట్టించండి. అలాగే శిక్షగా ఫోన్ లాక్కున్నా మీతో మాట్లాడే కాల్ మాత్రం ఆపొద్దని అమ్మమ్మకీ తమ్ముడికీ గట్టిగా చెప్పండి. ఇంట్లో ఉన్న అమ్మ ఫోన్ లాక్కోవడం వేరు. మీ ఇంట్లో ఫోన్ లాక్కుంటే అమ్మని లాక్కున్నట్టు. చాలా ఇళ్ళల్లో ఈ తేడా గమనించరు.

ఎప్పుడైనా టైమ్ అయిపోయి నిజంగానే అవసరం పడితే, మావయ్య ఫోన్‌లోని ఫ్యామిలీ లింక్‌లో పేరెంట్ యాక్సెస్ కోడ్ ఉంటుంది. అది ఫోన్‌లో చదివి చెబితే చాలు, కాసేపటికి ఆ కోడ్ మారిపోతుంది కాబట్టి పిల్లాడు గుర్తుపెట్టుకున్నా లాభం లేదు.

కువైట్ నుంచి ఐఫోన్ పంపే ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. ఫ్యామిలీ లింక్‌తో ఐఫోన్‌కి టైమ్ లిమిట్లు పెట్టలేం. దానికి ఆపిల్ వాళ్ళ స్క్రీన్ టైమ్ వేరే ఉంది, అప్పుడు తమ్ముడి చేతిలోనూ ఆపిల్ పరికరం ఉండాలి.

వైఫై దగ్గర చేయాల్సింది

మీ ఆపరేటర్‌కి ఫోన్ చేసి, రౌటర్‌లో డీఎన్ఎస్ (సైటు పేరు కొడితే దాని అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) 1.1.1.3 అని, రెండోది 1.0.0.3 అని పెట్టమనండి. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళు ఇళ్ళ కోసం 2020 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. అశ్లీల సైట్లు, వైరస్ సైట్లు చాలావరకు తెరుచుకోవు. మాకు ఐదు నిమిషాల పని. ఏ ఆపరేటరైనా కాదంటే రౌటర్ లాగిన్ అడిగి తమ్ముడినే చేసుకోమనండి. చేశాక రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం మర్చిపోవద్దు. చాలా ఇళ్ళల్లో అది వెనక స్టిక్కర్ మీద ఉన్నదే, ఏడో తరగతి పిల్లాడికి ఆ స్టిక్కర్ చదవడం పెద్ద విద్య కాదు.

కానీ దీని మీద మరీ భరోసా పెట్టుకోకండి. ఈ ఫిల్టర్ సైట్లనే ఆపుతుంది. యూట్యూబ్ లోపల, ఇన్‌స్టాగ్రామ్ లోపల, వాట్సాప్‌లో వచ్చే వీడియోల్లో ఏముందో దానికి తెలియదు. వీపీఎన్ యాప్ (నెట్‌ని వేరే దారిన తిప్పేది) వేస్తే ఈ ఫిల్టర్ పనిచేయదు, అందుకే యాప్ పర్మిషన్ మావయ్య చేతిలో ఉండాలన్నాను. ఫోన్‌లో సిమ్ ఉండి మొబైల్ డేటా ఆన్ చేస్తే ఈ కష్టమంతా వీధి తలుపుకి గడియ పెట్టి దొడ్డి తలుపు తీసి ఉంచినట్టే. పక్కింటి వైఫై సంగతీ అంతే. ఊళ్ళో సాయంత్రం పూట రామాలయం అరుగు మీద పిల్లలందరూ ఒకే మూలన కూర్చుని ఉన్నారంటే, ఎవరిదో వైఫై అక్కడిదాకా వస్తోందని నాకు చెప్పకుండానే తెలిసిపోతుంది. పక్కింటివాళ్ళని పాస్‌వర్డ్ మార్చుకోమని మొహమాటం లేకుండా అడగండి.

రౌటర్‌లో రాత్రి ఫలానా ఫోన్‌కి నెట్ ఆపేసే షెడ్యూల్ కూడా ఉంటుంది. రౌటర్ ఫోన్‌ని గుర్తుపట్టేది మ్యాక్ అడ్రస్ అనే నంబర్‌తో. ఇప్పటి ఫోన్లు వైఫైకి ఆ అసలు నంబర్ కాకుండా వేరేది చూపిస్తాయి, కాబట్టి బాబు ఫోన్‌లో మీ ఇంటి వైఫై సెట్టింగ్‌లోకి వెళ్ళి ఫోన్ మ్యాక్ వాడేలా మార్చాకే షెడ్యూల్ పెట్టాలి. లేకపోతే ఆ నంబర్ మారినప్పుడు షెడ్యూల్ ఎందుకు ఆగిందో అర్థం కాదు.

పాప, టీవీ, యూట్యూబ్

పాపకి టీవీ చాలు. మీ స్మార్ట్ టీవీలోని యూట్యూబ్‌లోనే పిల్లల ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. వయసుని బట్టి స్థాయిలు ఉంటాయి, మీరు ఎంచిన ఛానెళ్ళు మాత్రమే కనపడేలా కూడా పెట్టొచ్చు. ఎనిమిదేళ్ళ పాపకి నేనైతే ఈ చివరిదే పెడతాను. పిల్లల బొమ్మల్లా మొదలై మధ్యలో వెర్రివేషాలు వేసే వీడియోలు తెలుగులోనూ తక్కువేం లేవు. నిజం చెప్పాలంటే ఈ సెట్టింగులన్నిటి కంటే, టీవీ హాల్లో ఉండి దాని శబ్దం వంటింట్లో అమ్మమ్మకి వినపడటం ఎక్కువ పనిచేస్తుంది. హెడ్‌ఫోన్స్ మాత్రం కొనకండి.

ఇన్‌స్టాగ్రామ్, కొత్త పరిచయాలు

ఇన్‌స్టాగ్రామ్‌కి కనీస వయసు 13. మీవాడికి ఇంకా నిండలేదు కాబట్టి ప్రస్తుతానికి లేదు, అంతే. వచ్చే ఏడాది అడుగుతాడు, అప్పుడు టీన్ అకౌంట్‌గా నిజమైన వయసుతో తెరిపించండి. అకౌంట్ ప్రైవేట్‌గానే మొదలవుతుంది, తెలియనివాళ్ళు మెసేజ్ పెట్టలేరు, 16 ఏళ్ళలోపు వాళ్ళు ఆ రక్షణలు సడలించుకోవాలంటే పెద్దవాళ్ళ అనుమతి కావాలి.

నాకు ఎక్కువ భయం వేసేది బూతు వీడియోల గురించి కాదు, మనుషుల గురించి. అమ్మ దేశంలో లేదని తెలిసిన పిల్లల దగ్గరికి "మీ అమ్మ ఫ్రెండ్‌ని, కువైట్‌లో ఒకే రూమ్" అంటూ వచ్చేవాళ్ళు ఉంటారు. మీకూ పిల్లలకీ మధ్య ఒక గుర్తు మాట పెట్టుకోండి. ఆ మాట చెప్పలేనివాళ్ళు ఎవరైనా సరే, అమ్మ పంపిన మనిషి కాదు. కాల్ యాప్‌లలో కాంటాక్ట్స్‌లో లేని నంబర్ల కాల్స్ మోగకుండా పెట్టండి, వాట్సాప్‌లో ఆ సదుపాయం ఉంది. గ్రూపుల్లోకి ఎవరు పడితే వాళ్ళు చేర్చకుండా కూడా ఆపొచ్చు.

ఒకవేళ ఎవడైనా ఫోటోలు అడిగి, తర్వాత వాటితోనే బెదిరిస్తే ఏం చేయాలో ఇప్పుడే తెలుసుకుని ఉండండి. నర్సాపురం వైపు ఒక పదో తరగతి అబ్బాయి ఇంట్లో పరువు పోతుందన్న భయంతో ముందు అకౌంట్ తీసేశారు, ఫోన్ రీసెట్ చేశారు, ఆ తర్వాత స్టేషన్‌కి వెళ్ళారు. చూపించడానికి ఏమీ మిగల్లేదు. చాట్ చెరపొద్దు. బెదిరించినవాడి ప్రొఫైల్, మెసేజ్‌లు, డబ్బు అడిగిన నంబర్ స్క్రీన్‌షాట్లు తీయాలి. పైసా కూడా పంపకూడదు, పంపితే ఇంకా అడుగుతాడు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద నేరాలకి విడిగా విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు.

ఒక్క విషయం మాత్రం చాలామందికి తెలియదు. పిల్లల అశ్లీల ఫోటోలని సాక్ష్యం కోసమని బంధువులకి, లాయర్‌కి, ఊరి పెద్దకి ఫార్వర్డ్ చేయకండి. ఐటీ చట్టం 67బి కింద అది కూడా నేరమే. ఫోన్‌ని అలాగే పోలీసులకి చూపించండి. ఆ ఫోటోలు నెట్‌లో పాకకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మీ ఫోన్ దాటి వెళ్ళదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన కంపెనీలు తమ సైట్లలో దాన్ని వెతికి తొలగిస్తాయి. ఇక ఊరంతా తెలిసిపోతుందన్న టెన్షన్ ఉంటే, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల పేరు, స్కూలు, ఇల్లు ఏదీ బయటపెట్టకూడదు. ఈ మాట అమ్మమ్మకి అర్థమయ్యేలా చెప్పండి, ఎందుకంటే భయపడి దాచేది ముందు ఆవిడే.

పిల్లలకి మీరు చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. "ఏం జరిగినా నాకు చెప్పు, నేను అరవను, ఫోన్ తీసేయమనను." ఒక్కసారి చెబితే నమ్మరు. గల్ఫ్ పిల్లలు చాలామంది చెప్పకుండా దాచేది తిడతారన్న భయంతో కాదు, "అమ్మ అక్కడ ఒక్కతే ఉంది, టెన్షన్ పడుతుంది" అని. మీరు మీ కష్టాలన్నీ వాళ్ళ ముందు ఏడ్చుకుంటే వాళ్ళు ఇంకా దాచేస్తారు. ఏడుపు వస్తే తమ్ముడికి ఫోన్ చేయండి.

తమ్ముడికి పని ఎక్కువ పెడుతున్నానని మీకు అనిపించొచ్చు. మొదటి రోజు ఒక పూట పడుతుంది, తర్వాత వారానికి ఒకసారి ఫ్యామిలీ లింక్‌లో ఏ యాప్ ఎంతసేపు వాడాడో చూసి, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడితే చాలు. వాడికి చెప్పకుండా దొంగచాటుగా గూఢచారి యాప్‌లు వేయమని కొందరు సలహా ఇస్తారు, వేయొద్దు. అవి పిల్లాడి మెసేజ్‌లన్నీ ఊరూ పేరూ తెలియని ఎవరి సర్వర్‌కో పంపుతాయి.

రౌటర్‌లో డీఎన్ఎస్ ఎక్కడ మార్చాలో తెలియకపోతే, మోడల్ పేరు ఇక్కడ రాయండి, దారి చెబుతాను. స్టిక్కర్ ఫోటో పెడితే కింద ఉన్న పాస్‌వర్డ్ లైను మీద వేలు అడ్డం పెట్టి తీయమని తమ్ముడికి చెప్పండి.